ముందు నడుము కుదరాలి

ఇంతవరకూ ఈ పుస్తకంలో చెప్పినవన్నీ ఇంట్లో కూర్చుని చేసేవే. ఈ అధ్యాయానికి మాత్రం గడప దాటాలి. ఒక రోజు సెలవు పెట్టాలి, చీకటుండగానే లేవాలి, తడిసినా బురదైనా బాధపడని బట్టలు వేసుకోవాలి. కొల్లేటికి వెళ్దాం.

"కాస్త ఓపిక పట్టరా" అనే మాట చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. అమ్మ అంది, మాస్టారు అన్నారు, కొట్టు యజమాని అయితే రోజూ అనేవారు. దాన్ని ఎక్కడ పట్టుకోవాలో, ఏ చేత్తో పట్టుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకది తెలియజెప్పినాయన కొల్లేట్లో మావులనే బోనులు వేసి చేపలు పట్టుకునే పెద్దాయన. ఆయనా ఓపిక అనే మాట వాడలేదు. కాళ్ళు చాపుకుని కూర్చోమన్నాడు, అంతే.

అప్పట్లో నేను తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కమీషన్ కొట్లో గుమస్తాని. గూడెం ఉల్లి మార్కెట్ ఎరిగినవాళ్ళకి ఆ బతుకు చెప్పక్కర్లేదు. కర్నూలు నుంచి లారీ ఎప్పుడు దిగుతుందో, దిగేసరికి ధర ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు. చెవి దగ్గర ఫోను, ఒక కాలు గుమ్మం బయట. ఏడేళ్ళు అలా గడిచేసరికి ఏ పని మీదా ఐదు నిమిషాలు నిలిచే గుణం పోయింది. అన్నం తింటూ లెక్కలు చూసేవాణ్ణి, లెక్కలు చూస్తూ పేపరు తిరగేసేవాణ్ణి. మా అబ్బాయి బడి సంగతి ఏదో చెప్పబోతే సగంలోనే "సరే సరే" అనేవాణ్ణి. కొన్నాళ్ళకి వాడు నాకు చెప్పడం మానేసి వాళ్ళమ్మకి చెప్పుకోవడం మొదలెట్టాడు. అది కూడా నేను గమనించలేదు, మా ఆవిడ చెబితే తెలిసింది.

ఆ రోజుల్లోనే ఒక సంక్రాంతికి భీమడోలు అవతల లంకలో మా మేనత్త ఇంటికి వెళ్ళాను. తెల్లవారుజామున పక్కింటి పెద్దాయన దోనె వేసుకుని మావులు తియ్యడానికి బయల్దేరుతుంటే నేనూ వస్తానన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, "ఈత వచ్చా బాబూ?" అన్నాడు. వచ్చన్నాను. "అయితే రండి" అన్నాడు.

తాటిదోనె చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. తాటిచెట్టుకి చేవంతా పైన, చుట్టూరా ఉంటుంది. లోపలంతా మెత్తని పీచు. ముదురు చెట్టు పడగొట్టి, లావుగా ఉండే మొదలు వైపు మొద్దు తీసుకుని, లోపలి పీచు తవ్వేస్తే తొట్టి లాంటి పడవ అవుతుంది. అదే దోనె. వెనక నిలబడి గడతో తోస్తారు. అందులో ఇద్దరికంటే ఎక్కువమంది ఎక్కలేరు. ఒంటిదోనె అటూ ఇటూ దొర్లుతుందని రెండు జోడించి కట్టుకునేవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడివి బాగా తగ్గిపోయాయి.

కయాక్ అనే పడవ గురించి ఈమధ్య అందరూ వింటున్నారు. అమెరికాలో ఉన్న మన పిల్లలు నారింజ రంగు ప్లాస్టిక్ పడవలో కూర్చుని, రెండు వైపులా రెక్కలున్న తెడ్డు పట్టుకున్న ఫొటోలు పంపుతుంటారు కదా, అదే. ఆ పడవ పుట్టింది ఉత్తర ధ్రువం దగ్గరి మంచు సముద్రాల్లో. అక్కడ చెట్లు మొలవవు కాబట్టి ఇన్యూట్ జనం కొట్టుకొచ్చిన కట్టెలతోనూ ఎముకలతోనూ చట్రం కట్టి, దానికి సీల్ చర్మం తొడిగేవారు. మనకి తాటిచెట్లకి కొదవ లేదు, తాటి మొద్దు తొలిచాం. రెండూ వేటకోసం పుట్టినవే. రెండూ నీటికి జానెడు ఎత్తులో, చప్పుడు లేకుండా పోయేవే. మనిషి తిన్నగా కూర్చోకపోతే తిరగబడే గుణం కూడా రెండింటికీ సమానం.

నేను తిన్నగా కూర్చోలేదు. గొంతుక్కూర్చుని రెండు చేతులతో దోనె అంచులు పట్టుకున్నాను. కొంచెం ఊగగానే ఇటు వాలాను. ఇటు వాలిందని అటు వాలాను. రేవు దాటి పది బారలు కూడా పోకముందే ఇద్దరం నీళ్ళలో ఉన్నాం. నడుము లోతు కూడా లేదు గానీ బురద మోకాళ్ళదాకా ఉంది. జనవరి నెల, తెల్లారగట్ల ఐదున్నర. ఆయన ఒక్క మాట కూడా అనకుండా దోనె బోర్లించి నీళ్ళు పారబోసి మళ్ళీ ఎక్కమన్నాడు. అప్పుడు చెప్పాడు.

"అంచులు వదిలెయ్యండి బాబూ. పిర్రలు రెండూ అడుక్కి ఆనించి, కాళ్ళు చాపండి. చేతులు ఒళ్ళో పెట్టుకోండి. దోనె ఊగితే నడుం కిందది ఊగనివ్వండి, పైది ఊగనివ్వకండి. నీళ్ళకేసి చూడకండి, అదిగో ఆ కిక్కిస దుబ్బుకేసి చూడండి."

ఆ ఐదు మాటల్లో మొదటిదే కష్టం. అంచు పట్టుకుంటే భద్రంగా ఉన్నట్టుంటుంది. నిజానికి పట్టుకున్న చెయ్యే మన బరువుని పడవ మీదికి తోస్తుంది, ఊపు పెరుగుతుంది. కయాక్ నేర్పేవాళ్ళు కూడా మొదటి రోజు ఇదే చెబుతారని తర్వాత తెలిసింది. నడుము వదులుగా, వెన్ను నిటారుగా, చూపు దూరంగా. బరువు ఎంత కిందికి దిగితే పడవ అంత నిలకడగా ఉంటుంది.

నేను చెప్పదలుచుకున్నదంతా ఇక్కడే ఉంది. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు మనసుని నిలపమని మొదలుపెడతాయి. నేను రాసిన మొదటి పుస్తకమూ అలాగే మొదలైంది. మనసుని నిలపాలని కూర్చుంటే అది నిలవదు, నిలపాలన్న తొందరే దానికి ఇంకో పనవుతుంది. శరీరానికి ఒక కొలత ఇవ్వండి: ఇక్కడ కూర్చో, ఇలా కూర్చో, కదిలితే తడుస్తావు. మనసు కాసేపు గింజుకుని, చేసేదేమీ లేక, వెనకాలే వస్తుంది. ధ్యానం చెయ్యలేనని బాధపడే స్నేహితులు నాకు చాలామంది ఉన్నారు. వాళ్ళలో చేపల వేటకెళ్ళి గాలం పట్టుకుని రెండు గంటలు కూర్చోగలిగేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి ఓపిక లేదంటే నేను నమ్మను. దాన్ని వాళ్ళు వేరే పేరుతో పిలుచుకుంటున్నారు, అంతే.

ఆ ఉదయం రెండోసారి పడలేదు. మొదటి అరగంట ఏమీ కనిపించలేదు కూడా. మంచు, గుర్రపుడెక్క, అక్కడక్కడా వెదురు కర్రలు. ఫోను తడిసి పనిచెయ్యలేదు కాబట్టి తీసి చూసుకునే వీలూ లేదు. తర్వాత నా కుడిచేతి పక్కన మూరెడు దూరంలో గడ్డి మీద గోధుమరంగు మట్టిబెడ్డ ఒకటి కన్ను ఆర్పింది. గుడ్డికొంగ! అంతసేపూ నా పక్కనే ఉంది. ఎంత దగ్గరికి వెళ్ళినా కదలదు కాబట్టి దానికి చూపు లేదనుకుని మనవాళ్ళు ఆ పేరు పెట్టారు. ఎగిరితే ఒళ్ళంతా తెలుపు, కూర్చుంటే మట్టి. గుడ్డితనం దానిది కాదని ఆ రోజు నాకు బాగా తెలిసొచ్చింది.

ఆ తర్వాత ఒకటొకటిగా అన్నీ కనిపించడం మొదలైంది. నీటికాకి మొద్దు మీద రెక్కలు ఆరేసుకుని కూర్చుంది. దాని రెక్కలకి నీళ్ళు పడతాయి, అందుకే మునిగి లేచాక ఆరబెట్టుకోవాలి. ఆ తడవడం వల్లే అది లోతుకి తేలిగ్గా మునగగలుగుతుంది. బుడుబుంగ ఒక్క క్షణం కనిపించి మునిగి, మనం చూస్తున్న చోట కాకుండా ఇంకెక్కడో లేస్తుంది. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు మిగులుతుంది, నత్తల్ని పట్టి గుల్లలోంచి లాగడానికి పనికొచ్చే ముక్కది. ఎర్రకాళ్ళ కొంగ అయితే చేపని చూడనే చూడదు. ముక్కు సగం తెరిచి నీళ్ళలో ముంచి ఉంచి, కాలితో బురద కదుపుతూ నడుస్తుంది. ముక్కుకి ఏదైనా తగిలిందా, రెప్పపాటులో మూసేస్తుంది. బురద నీళ్ళలో కళ్ళకంటే స్పర్శే నమ్మకం.

కొల్లేరు నీళ్ళు బురదే మరి. ఫ్లోరిడాలో ఉన్న మా తమ్ముడి కొడుకు ఊట నీటి నదుల్లో కయాక్ వేసుకుని తిరిగొచ్చి నాకు వీడియో పంపాడు. నేలలోంచి ఉబికే నీరు, చలికాలమైనా వేసవైనా ఒకే వెచ్చదనం, సుమారు 22 డిగ్రీలు. ఆ వెచ్చదనం కోసమే చలికాలంలో మేనటీ అనే పెద్ద నీటిజంతువులు సముద్రం వదిలి ఆ ఊటల్లోకి వచ్చి చేరతాయట. అడుగున ఇసుక రేణువు కూడా కనిపిస్తోంది. చూసి ముచ్చట పడ్డాను. మన కొల్లేరుకి అలాంటి ఊట లేదు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న పళ్ళెం ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వీటికి తోడు రెండు డెల్టాల మురుగు కాలవలూ ఇందులోకి దిగుతాయి. పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే, అది బంగాళాఖాతానికి తీసుకెళ్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడని ముంచిన నీళ్ళు కూడా చివరికి ఇక్కడికే వచ్చి, లంకల్ని చుట్టుముట్టి, ఆ ఉప్పుటేరు దారి కోసమే కాచుకున్నాయి.

అడుగు కనిపించని నీళ్ళలో తిరిగేవాడికి పైన కనిపించే చిన్న గుర్తులే ఆధారం. పెద్దాయన గడ ఆపి ఒక బుడగ చూపించాడు. "కొర్రమీను" అన్నాడు. కొర్రమీను గాలి పీల్చడానికి అప్పుడప్పుడూ పైకి రాక తప్పదు, నీళ్ళలో ఉన్న గాలి దానికి చాలదు. పైకొచ్చి గుటుక్కున మింగి దిగుతుంది. వచ్చిన చోట సున్నా లాంటి అల, దాని మధ్య రెండు మూడు బుడగలు. జెల్ల కదిలితే వేరే రకం. గాలికి లేచే అల ఒక వైపుకే పోతుంది, చేప లేపిన అల చుట్టూరా విచ్చుకుంటుంది. నేను ఈ తేడా పట్టుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఊట నీళ్ళలో అయితే ఈ చదువు వచ్చేది కాదు, చేప నేరుగా కనిపించేసేది.

ఇక మీరు ఎలా వెళ్ళాలో చెబుతాను. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకూ మంచి కాలం. పక్షి గూళ్ళు చూడాలంటే కైకలూరు పక్కన ఆటపాక వెళ్ళండి. రైల్లో అయితే విజయవాడ–గుడివాడ–భీమవరం లైనులో కైకలూరు దిగాలి. ఏలూరు నుంచి వచ్చేవాళ్ళు బస్సెక్కితే ఆ రోడ్డు కొల్లేరు మధ్యగానే పోతుంది, కిటికీ పక్క సీటు కోసం కాస్త గొడవ పడినా తప్పులేదు. ఆటపాకలో అటవీశాఖ వాళ్ళ పడవ ఉంటుంది, లైఫ్ జాకెట్ ఇస్తారు, వేసుకోండి. అక్కడ గూడబాతులు గుంపులుగా గూళ్ళు పెడతాయి. చెట్లు చాలక ఇనుప స్టాండ్లు పాతితే వాటి మీదా పెట్టుకున్నాయి. రెక్కలు చాపితే ఏడెనిమిది అడుగులుండే పక్షి, పుల్లలు ఏరుకొచ్చి ఇనుప చట్రం మీద ఇల్లు కట్టుకోవడం చూస్తే నవ్వూ వస్తుంది, ఇంకేదో కూడా అనిపిస్తుంది.

సొంతంగా దోనె ఎక్కాలనుకుంటే రెండు సంగతులు గుర్తుంచుకోండి. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం. అనుమతి లేకుండా గూళ్ళున్న వైపు వెళ్ళకూడదు. రెండోది, ఒంటరిగా వెళ్ళకండి, ఆ నీళ్ళు ఎరిగిన మనిషిని వెంట పెట్టుకోండి. లోతు తక్కువ కదా అని ధీమా వద్దు. ముంచేది నీళ్ళు కాదు, బురద, దాని మీద గుర్రపుడెక్క.

దగ్గరికి ఎంతవరకూ వెళ్ళొచ్చో పక్షే చెబుతుంది. గూట్లో కూర్చున్న పక్షి మెడ ఎత్తిందంటే మిమ్మల్ని చూసింది. లేచి నిలబడిందంటే మీరు ఇప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చేశారు, పడవ వెనక్కి తీయించండి. తల్లి లేచిన రెండు నిమిషాలు చాలు, కాకి గుడ్డు ఎత్తుకుపోవడానికి. మధ్యాహ్నం అయితే ఎండే చాలు. ఫొటో కోసం ఎగరగొట్టమని పడవవాణ్ణి బతిమాలే జనాన్ని చూశాను, ఒకసారి చప్పట్లు కొట్టినవాళ్ళని కూడా చూశాను. అలాంటి ఫొటోలో ఎగిరే పక్షి అందంగానే ఉంటుంది. ఎందుకెగిరిందో ఫొటోలో పడదు.

చూసేటప్పుడు పేర్ల కోసం తొందరపడకండి. నేను మొదట పుస్తకం పట్టుకుని వెళ్ళి, పక్షి కనపడగానే తల దించి పేజీలు తిప్పేవాణ్ణి. తల ఎత్తేసరికి అది ఉండేది కాదు. ఇప్పుడు చేసేది వేరు. ఒక పక్షిని ఎంచుకుని అది ఎగిరిపోయేదాకా దాన్నే చూస్తాను. ఏం తింది, ఎన్నిసార్లు గురి తప్పింది, ఎవరు వస్తే జరిగింది. తర్వాత కాగితం మీద రాస్తాను. పేరు ఇంటికెళ్ళాక చూసుకోవచ్చు. లకుముకి పిట్టని ఇలా నలభై నిమిషాలు చూస్తే అది తొమ్మిదిసార్లు దూకి రెండుసార్లే చేపతో లేచింది. ఆ కాగితం చాలా రోజులు కొట్లో గల్లాపెట్టె మీద అంటించుకున్నాను. ధర పడిపోయిన రోజు చూసుకునేవాణ్ణి.

పేర్ల విషయంలో ఇంకో సంగతి. గూడబాతుల్నీ ఎర్రకాళ్ళ కొంగల్నీ చూపించి "సైబీరియా నుంచి వచ్చాయండీ" అంటారు. పేపర్లలో కూడా ఏటా రాస్తారు. అవి సైబీరియా మొహం ఎరగవు. ఈ దేశంలోనే నీళ్ళూ తిండీ ఉన్న చోటికి ఇటూ అటూ తిరిగే మన పక్షులే. నిజంగా హిమాలయాలు దాటి వచ్చేవి వేరే ఉన్నాయి. శీతాకాలంలో నీళ్ళ మీద నల్లటి చాపలా తేలే పరజల్లో సూదితోక బాతు లాంటివి మధ్య ఆసియా నుంచీ ఇంకా పైనుంచీ వస్తాయి. వాటిని ఎవరూ చూపించరు, చిన్నవి కదా. దూరం నుంచి వచ్చిందంటేనే గొప్ప అనుకునే మన బుద్ధి పక్షుల్ని కూడా వదల్లేదు.

ఇలాంటిదే మరొకటి. మలయాళ దేశానికి చెందిన కె.కె. నీలకంఠన్ అనే ఆయన 1946లో పశ్చిమ గోదావరిలోని ఆరేడు అనే ఊళ్ళో గూడబాతులు గూళ్ళు పెట్టే చోటుని కనుక్కుని లోకానికి చెప్పారు. తర్వాత ఇందుచూడన్ అనే పేరుతో కేరళ పక్షుల గురించి పెద్ద పుస్తకం రాసి అక్కడ ఎంతోమందికి పక్షుల పిచ్చి ఎక్కించింది ఆయనే. దక్షిణాదిలో గూడబాతు ఎక్కడ పిల్లల్ని పెడుతుందో శాస్త్రవేత్తలు వెతుకుతున్న రోజులవి. ఆరేడు జనానికి అది తెలియని రోజు లేదు, వాళ్ళ నెత్తిమీదే కదా రెట్టలు వేసేవి! కాకపోతే తెలిసినదాన్ని ఆగి చూసి, లెక్కపెట్టి, రాసిపెట్టిన మనిషి ఆయన.

లెక్కపెట్టడం కూడా నేర్చుకోండి, కష్టమేమీ కాదు. గుంపు కనిపించగానే మొత్తం ఎన్ని అని అంచనా వెయ్యకండి. ముందు పది లెక్కపెట్టండి. ఆ పది ఎంత చోటు పట్టాయో కళ్ళలో పెట్టుకుని, అలాంటి చోట్లు ఎన్నున్నాయో చూడండి. వందలు దాటితే పదుల బదులు యాభైలతో కొలవండి. మొదట్లో సగానికి సగం తప్పుతుంది. పదిసార్లు చేస్తే కన్ను కుదురుతుంది. ఉల్లిపాయల బస్తాల వరస చూసి లారీలో ఎన్నున్నాయో చెప్పే హమాలీ ఇదే చేస్తాడు, ఎవరూ దాన్ని శాస్త్రం అనరు. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. మామూలు జనం కూడా అందులో చేరొచ్చు. ఒకసారి చేరి చూడండి.

ఉదయం పదింటికి మాత్రం లెక్క ఆపేసి పైకి చూడండి. ఎండ నేలని వేడిచేశాక గాలి పైకి లేస్తుంది. అంతదాకా గూళ్ళ దగ్గర బద్ధకంగా కూర్చున్న గూడబాతులు అప్పుడు ఆ గాలిలోకి ఎక్కుతాయి. నాలుగైదు కిలోల పక్షి రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతూ చుక్కంత అయ్యేదాకా పోతుంది. ఎనిమిదింటికి బయల్దేరితే రెక్కలు కొట్టుకుంటూ పోవాలి. ఆ రెండు గంటలు కూర్చోవడం వాటి లెక్కలో పనే.

ఎండ ముదిరాక పక్షులు నీడకి చేరతాయి. మీరూ ఒడ్డుకి రండి. పులిహోరో చద్దన్నమో పట్టుకెళ్ళండి, ప్లాస్టిక్ కవర్లు వెనక్కి తెచ్చుకోండి. ఆ మధ్యాహ్నానికి ఒక పని ఇస్తున్నాను, ఈ అధ్యాయంలో నిజమైన అభ్యాసం అదే. లంకలో ఒక మనిషితో అరగంట కూర్చుని, కొల్లేరు గురించి ఆయన చెప్పేది మధ్యలో అడ్డుపడకుండా వినండి. "సరే సరే" అనకూడదు. మీ అభిప్రాయం చెప్పకూడదు. చేతులు ఒళ్ళో ఉండాలి, దోనెలో ఉన్నట్టే.

ఎందుకంటే కొల్లేరు గురించి మీకు ముందే ఒక అభిప్రాయం ఉంటుంది. పక్షుల పక్షమో, చేపల చెరువుల పక్షమో. లెక్కలు చూస్తే ఇలా ఉంటాయి. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత (ఐదో కాంటూరు) వరకూ, సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద ప్రపంచంలోని ముఖ్యమైన తడినేలల జాబితాలో చేరింది. అంతకు చాలా ముందే సరస్సు లోపల గట్లు లేచి చేపల చెరువులొచ్చాయి. 2005–06లో "ఆపరేషన్ కొల్లేరు" పేరుతో ఆ గట్లని పేల్చి, పొక్లెయిన్లు పెట్టి కొట్టేశారు. కొన్ని మళ్ళీ లేచాయి. ఇంతవరకూ ఎవరైనా చదివి తెలుసుకోవచ్చు.

మా పెద్దాయన దగ్గర విన్నది ఇందులో లేదు. గట్లు లేచినప్పుడు ఆయన మావులు వేసుకునే చోటు పోయింది. అదే చెరువు మీద కాపలా పని దొరికింది, జీతం వేటకంటే నికరంగా వచ్చేది. గట్లు కొట్టేసినప్పుడు చోటు తిరిగొచ్చింది, జీతం పోయింది. వచ్చిన నీళ్ళలో ఆయన చిన్నప్పటి చేపలు సగం రకాలు లేవు. గూడబాతులంటే ఇష్టమా అని అడిగితే, "అవీ వేటకొచ్చినియ్యే కదా బాబూ" అన్నాడు. ఆ మాటలో ఇష్టం ఎంత, విసుగు ఎంత అని నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆయన వైపు మాట్లాడాలో పక్షుల వైపు మాట్లాడాలో తేల్చుకోవాలన్న తొందర ఆ పూట నాకు తగ్గింది. ఏ పక్షమూ వద్దని అనడం లేదు. సరస్సు నిలవాలన్నదే నా పక్షం, గట్లు మళ్ళీ లేవకూడదనే అంటాను. కానీ ఆయన చెప్పింది విన్నాక అనే మాట వేరుగా వస్తుంది.

ఏడాదికి ఒక్కసారి కొల్లేటికి వెళ్ళొస్తే ఇదంతా ఒంటికి పట్టదు. ఇంటి దగ్గర వారానికి ఒక రోజు సాధన కావాలి. నాకు ఏలూరు కాలవ ఉంది. విజ్జేశ్వరం దగ్గర గోదావరిలో బయల్దేరి, గూడెం మీదుగా ఏలూరు వెళ్ళి, కృష్ణా నుంచి వచ్చే కాలవతో కలిసే కాలవ ఇది. కాటన్ దొర ఆనకట్ట కట్టించిన కాలం నాటిది. రైళ్ళు రాకముందు సరుకూ జనమూ దీనిమీదే పడవల్లో పోయేవారు. ఇప్పుడు పడవలు లేవు, గట్టు మీద మోటారు సైకిళ్ళు పోతుంటాయి. ఆదివారం ఉదయం కాలవ మెట్ల మీద కాళ్ళు చాపుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఫోను ఇంట్లో వదిలి, అరగంట కూర్చుంటాను. వేసవిలో మరమ్మతులకని కాలవ కట్టేస్తే అడుగున మడుగుల దగ్గర కొంగలు చేరతాయి, అప్పుడింకా బాగుంటుంది. మీ ఊళ్ళో చెరువు ఉంటుంది, లేకపోతే వాటర్ ట్యాంకు కింద కారే నీళ్ళ దగ్గర పిచ్చికలైనా ఉంటాయి. చూడ్డానికి ఏముంది అని మొదటి పది నిమిషాలు అనిపిస్తుంది. ఆ పది నిమిషాలు లేవకండి.

మా అబ్బాయి ఇప్పుడు ఇంజనీరు, పుణెలో ఉంటాడు. సంక్రాంతికి వస్తే ఇద్దరం ఆ మెట్ల మీద కూర్చుంటాం. పెద్దగా మాట్లాడుకోం. వాడు చెప్పాలనుకున్నప్పుడు చెబుతాడు, నేను వింటాను. బడి సంగతులు మాత్రం చెప్పలేదు. మర్చిపోయానన్నాడు.

ఈ జనవరిలో వెళ్ళండి. వెళ్ళొచ్చిన రెండు రోజులు నడుము పట్టేసి మెట్లు దిగడం కష్టమవుతుంది, కంగారు పడకండి. వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకుంటే మూడో రోజుకి తగ్గుతుంది.